ఇనుముకు ముట్టు లేదు

మా ఇంటికి రెండే గదులు. లోపలి గదిలో పొయ్యి, పడకలు, జొన్నల బస్తా. ముందరి గదిలో లేతు. ఇనుప కడ్డీని గిరగిర తిప్పుతూ ఉలిలాంటి టూలుతో చెక్కే ఆ మిషను ఇంట్లో మా అందరికంటే ఎక్కువ జాగా తీసుకునేది. మా నాయిన కిష్టయ్య వయసులో ఉన్నప్పుడు రాయచూరు దూది మిల్లుకు వలసపోయి, మూటలు మోసే పనిలో చేరి, అక్కడి మరమ్మతు కొట్టంలో లేతు పని నేర్చుకున్నాడు. మిల్లు మూతపడి సామానంతా తుక్కు కింద అమ్ముతుంటే ఆ మిషనును తనే కొనుక్కుని ట్రాక్టరు మీద వేయించుకొచ్చాడు. మా గట్టు మండలం పల్లెల్లో అలాంటిది ఇంకొకటి లేదు. బోరు మోటారు షాఫ్టు అరిగినా, మందు కొట్టే పంపు ముక్కు విరిగినా, ఎడ్లబండి ఇరుసులో బుష్షు వదులైనా కిష్టయ్య ఇంటికే తెచ్చేవారు.

తెచ్చినవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. నాయిన కుడిచేతికి వణుకు వచ్చింది. మొదట్లో బీడీ ముట్టించేటప్పుడు మాత్రమే కనబడేది. తర్వాత టూలును ఇనుముకు ఆనించే వేళకు పట్టుకునేది. ఒకనాడు ఎవరిదో షాఫ్టు పాడుచేసి, మిషను ఆపి, చాలాసేపు దాని ముందే కూర్చున్నాడు. ఆ రోజు పిడి నేను పట్టుకున్నాను. మా ఊరి బడి అయిపోయాక గద్వాల కాలేజీకి పంపకుండా నన్ను ఇంట్లోనే ఉంచేశారు. మిషనుకు నూనె పోయడం, ఇనుప పొట్టు ఊడవడం, నాయిన చేతులు ఎక్కడ ఆగుతాయో ఎక్కడ తొందరపడతాయో చూడటం, ఇవే అప్పటిదాకా నా పనులు. చూసి చూసి ఉన్నందుకేమో, చెయ్యి త్వరగానే కుదిరింది.

అప్పటి నుంచి మిషను నడిచినంతసేపు తలుపు మూసే ఉండేది. నాయిన కూడా లోపలే ఉండేవాడు. ఎవరైనా వచ్చి పిలిస్తే నూనె డబ్బాలో వేళ్ళు ముంచి, గుడ్డతో తుడుచుకుంటూ బయటికి వెళ్ళేవాడు. వాళ్ళు ఆయన పనితనాన్ని మెచ్చుకుంటుంటే నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని. ఆడపిల్ల చేసిందని తెలిస్తే పని తేరని, తెచ్చినా వంకలు పెడతారని ఆయన అనేవాడు. అది నిజమే కావచ్చు. నాకు పెద్ద కోరికలేమీ లేవు. తలుపు తెరిచి, వెలుతురులో, వీధిలో పోయేవాళ్ళకు కనబడుతూ ఆ పని చేయాలని ఉండేది. అంతే.

మా ఊళ్ళో సీడు పత్తి ఎక్కువగా పెట్టేది పటేలు రాఘవేందర్ వాళ్ళు. విత్తనం కోసం పెంచే ఆ పత్తికి పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించాలి. క్రాసింగు అంటారు. ఆ కాలం వస్తే మా వాడలో ఆడవాళ్ళంతా వాళ్ళ చేలకే. చేలు వాగు అవతల దూరంగా ఉండటంతో కూలీలను ఒక పాత జీపులో తోలేవారు. రాఘవేందర్ తండ్రి ఎప్పుడో మిలిటరీ వేలంలో కొన్న బండి అది. ఇంజను బాగానే ఉండేది కానీ బ్రేకు లేదు. డ్రైవరు బాలన్న గేర్లు తగ్గిస్తూ బండిని మెల్లగా చేసి, కేక వేసేవాడు. వెనక అంచున కూర్చున్న మా అమ్మ ఎంకమ్మ ఒడిలో ఒక రాయి ఉండేది. కేక వినగానే దూకి చక్రం కింద పెట్టేది. తోటివాళ్ళు ఆమెను బ్రేకమ్మ అని పిలిచేవారు. ఒకసారి అమ్మకు జ్వరం వచ్చి పనికి పోకపోతే, బండికి ఇవ్వాళ బ్రేకు రాలేదని బాలన్న ఇంటిదాకా వచ్చి మరీ చెప్పి నవ్వాడు.

వాగు దగ్గర దిగుడు బాట ఉంది. అక్కడ రాయి చాలదని అందరికీ తెలుసు. క్రాసింగు మొదలయ్యే ముందు రాఘవేందర్ ఆ బండి బ్రేకు బాగు చేయించాలని గద్వాల, రాయచూరు దుకాణాలన్నీ తిరిగాడు. దీనికి సామాను కావాలంటే మళ్ళీ ఒక యుద్ధం రావాలని ఒక దుకాణంలో ఎగతాళి చేశారట. చివరికి ఆయన చక్రాల దగ్గరుండే సిలిండర్లు ఊడదీయించి, ఒక సంచిలో వేసుకొచ్చి మా గడప మీద పెట్టాడు.

బ్రేకు తొక్కితే నూనె వచ్చి ఆ సిలిండర్లలోకి తోసుకుంటుంది. ఒక్కో సిలిండరులో రెండు చిన్న పిస్టన్లు ఎదురెదురుగా ఉంటాయి. నూనె తోపుకు అవి చెరోపక్క జరిగి చక్రాన్ని పట్టే పట్టీలను నెడతాయి. వాటి వెనక నూనె కారకుండా రబ్బరు కప్పులు. ఆ బండి సిలిండర్ల లోపలి గోడలు తుప్పు తిని గుంటలు పడ్డాయి. పిస్టన్లు అరిగి వంకరపోయాయి. గోడలను కొంచెం చెక్కి నున్నగా చేసి, ఆ కొలతకు సరిపోయే వేరే బండి రబ్బరు కప్పులు తెచ్చి, పిస్టన్లు కొత్తగా ఇత్తడితో తయారు చేయాలని నాయిన చూడగానే అన్నాడు. ఆయన చెయ్యి పోయింది కానీ కన్ను పోలేదు.

రాఘవేందర్ వెళ్ళాక తలుపు మూసి, నాయిన సిలిండరును వెలుతురుకు పెట్టి చూస్తూ నాతో అన్నాడు.

"ఈ బండి నిలబడ్తే పటేలుకు నేనే చెప్త. ఇది నా బిడ్డ చేసిందని. ఇగ తలుపు ముయ్యం."

నేను అడగకుండానే అన్నాడు. అందుకే నమ్మాను.

ఆ పని చాలా ఓపిక పట్టే పని. పొద్దున కరెంటు ఉండేది కాదు, వచ్చాక ఎంతసేపు ఉంటుందో తెలియదు. ఒక ముక్క సగంలో ఉండగా మిషను ఆగిపోతే దాన్ని పట్టి ఉంచే చక్‌లో నుంచి విప్పకుండా అలాగే వదిలేసి కూర్చునేవాళ్ళం. విప్పితే మళ్ళీ అదే చోట కూర్చోదు. పిస్టను సరిగా వచ్చిందో లేదో చూడటానికి నాయిన ఒక పద్ధతి నేర్పాడు. సిలిండరును నిలువుగా పట్టుకుని, పిస్టనుకు బ్రేకు నూనె రాసి పైన వదలాలి. జర్రున జారితే వదులు. ఆగిపోతే బిగువు. తన బరువుకు తానే, తేనెలో గరిటె దిగినట్టు మెల్లగా దిగాలి. బిగువైన వాటిని సన్నటి గరుకు కాగితంతో ఒక్క రవ్వ రుద్ది మళ్ళీ వదిలి చూసేదాన్ని. వదులైన వాటిని పక్కన పడేసి ఇంకొకటి మొదలుపెట్టేదాన్ని. నాయిన సణిగేవాడు కాదు. ఆ రోజుల్లో మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు కానీ, నేను చెయ్యి చాపితే ఏ టూలు కావాలో ఆయనకు తెలిసేది.

పని సగంలో ఉండగా నేను దూరమున్నాను. మా ఇంట్లో ఆ రోజుల్లో మేకల కొట్టం పక్కన చాప వేసుకుని ఉండాలి. పొయ్యి దగ్గరికి, మిషను దగ్గరికి పోకూడదు. అప్పటికి రాఘవేందర్ దగ్గర నుంచి మనిషి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. చేలలో మొగ్గ పట్టిందని, బండి కావాలని. నాయిన ఇంట్లో అటూ ఇటూ తిరిగి, చివరికి కొట్టం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇనుముకు ముట్టు లేదు బిడ్డా. లే, లోపలికి రా."

అమ్మ ఒప్పుకోలేదు. ఆడవాళ్ళు ఎక్కే బండి, దానికి పోయే వస్తువు అని అడ్డం వచ్చింది. నాయిన ఆమెను కోప్పడలేదు. నవ్వాడు. రాయచూరు మిల్లులో దూది ఏరే ఆడవాళ్ళు నెలలో అన్ని రోజులూ పనికి వచ్చేవారని, ఆ దూదితో నేసిన గుడ్డలే దేశమంతా కట్టుకుందని, ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాడు. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను లేచి మిషను దగ్గరికి వెళ్ళాను. ఆ మాట అనగలిగిన మనిషి మా వాడలో ఇంకెవరూ లేరని, ఆయన నాకు నాయిన అని నాకు చాలా గొప్పగా అనిపించింది. ఆ రోజు చేసిన పిస్టన్లే అన్నిటికంటే బాగా కుదిరాయి.

పిస్టన్లు, సిలిండర్లు తయారయ్యాక వాటిని రాఘవేందర్ ఇంటికి పంపాం. రాఘవేందర్ తల్లి సవారమ్మ వాటిని నేరుగా బండికి ఎక్కించనివ్వలేదు. ఎవరింట్లో తయారైన వస్తువైనా తమ బండిలోకి పోయే ముందు జములమ్మ అమ్మవారి దగ్గరికి పోయి రావాలంది. ‘ఎవరింట్లో’ అన్న మాటను ఆమె నొక్కి అన్నదని మనిషి వచ్చి చెప్పినప్పుడు అమ్మ వినీ విననట్టు ఊరుకుంది. మంగళవారం వాటిని ఇత్తడి తాంబాళంలో పెట్టుకుని జములమ్మ గుడికి తీసుకెళ్ళారు. పసుపు కలిపి ఒక్కో పిస్టనుకు పూశారు. కుంకుమ బొట్లు పెట్టారు. కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు వాటి మీదే చిలకరించారు.

సాయంత్రం సవారమ్మ వాకిట్లో నాయిన బండి కింద పడుకుని అవి బిగించాడు. బిగించే పని ఎప్పుడూ ఆయనే చేసేవాడు. దానికి చేతికి అంత నిలకడ అక్కరలేదు, పైగా బండి కింద ఉన్న మనిషి చెయ్యి ఎవరికీ కనబడదు. నేను సామాను డబ్బా పట్టుకుని చక్రం పక్కన కూర్చున్నాను. ఆయన తాంబాళం అడిగితే అందించాను. పిస్టన్ల మీద పసుపు ఎండి పొరలా పట్టి ఉంది. సిలిండర్ల లోపల కూడా పసుపు చల్లారు. వెంట్రుకంత సందు కూడా లేకుండా నేను కుదిర్చిన చోట్లు అవి. వంగి, నాయినకు మాత్రమే వినబడేట్టు, తుడవాలి కదా అన్నాను.

 అమ్మవారికి చూపించిన వస్తువు, పటేలు తల్లి చూస్తుండగా పసుపు తుడిస్తే ఊరుకుంటుందా అని గొణిగాడు. నూనెలో అదే కరిగిపోతుందన్నాడు. అరుగు మీద సవారమ్మ కూర్చుని మమ్మల్నే చూస్తోంది. నాయిన పిస్టన్లను అరచేత్తో నెట్టి లోపలికి పంపాడు. మెల్లగా దిగాల్సినవి నెడితే తప్ప పోలేదు. నేను చూశాను. ఆయనకూ తెలిసింది.

మొదటి రోజు బండి తొక్కిన చోట నిలబడింది. బాలన్న వీధి మొదట్లో నుంచి వేగంగా తోలుకొచ్చి మా గుమ్మం ముందు ఆపి చూపించాడు. అమ్మ తన ఒడిలో రాయిని దూరంగా విసిరేస్తే ఆడవాళ్ళంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ప్రేమలత. పక్కింటి పిల్ల, నాతోపాటు చదువుకుంది. బ్రేకమ్మకు పెన్షను ఇప్పించాలని బాలన్నతో అంది. రాఘవేందర్ వచ్చి నాయిన భుజం మీద చెయ్యి వేసి, రాయచూరు కాదు, హైదరాబాదులోనూ ఇట్లాంటి పనివాడు ఉండడన్నాడు. నేను తలుపు వారగా నిలబడి నాయిన ముఖం చూస్తున్నాను. ఆయన తల దించుకుని నవ్వాడు.

రాత్రి అన్నం తినేటప్పుడు అడగకుండానే, పటేలు మంచి ఉషారులో ఉన్నాడని, ఇప్పుడే చెప్తే బాగుండదని, కొన్నాళ్ళు బండి నడవనీయమని అన్నాడు. సరేనన్నాను.

నాలుగు రోజులు కాకముందే బాలన్న వచ్చాడు. తొక్కినప్పుడు బండి కుడికి లాగుతోందట. కొత్త బ్రేకు సర్దుకోవడానికి కొంత టైము పడుతుందని నాయిన చెప్పి పంపించాడు. నేను లోపలి నుంచి విన్నాను. ఎడమ చక్రం సరిగా పట్టడం లేదంటే పిస్టను పసుపులో ఇరుక్కుందనే. ఒకసారి విప్పి తుడిచి మళ్ళీ పెడదామని నాయినతో అన్నాను. పెట్టిన వారంలోనే విప్పితే పని చెడిందనుకుంటారని ఆయన అన్నాడు. మరునాడు మళ్ళీ చెప్పాను. చెప్పింది వినడమే తప్ప నువ్వు నాకు నేర్పేదేముందని కసిరాడు. అంతకు ముందు ఆయన నన్నెప్పుడూ అట్లా అనలేదు.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున వాగు దిగుడులో బాలన్న బ్రేకు తొక్కితే కుడి చక్రం ఒక్కటే పట్టింది. బండి గిరుక్కున అటు తిరిగి, కల్వర్టు అంచు దిగి, పక్కకు పడుకుంది. దేవుడి దయ వల్ల ప్రాణాలు పోలేదు. చాలామందికి దెబ్బలు తగిలాయి. అమ్మకు ఒక చెంప మొత్తం గీరుకుపోయింది. ప్రేమలత కాలు బండి కింద పడి ఎముక విరిగింది. ఆమెను ట్రాక్టరులో గద్వాల దవాఖానకు తీసుకెళ్ళారు.

బండిని ఎడ్లతో లాగించి సవారమ్మ వాకిట్లో పెట్టారు. నాయినను పిలిపించారు. నేనూ వెంట వెళ్ళాను. ఇంకా జనం చేరలేదు. నాయిన ఎడమ చక్రం విప్పి, సిలిండరు ఊడదీసి, పిస్టనును కర్రతో కొట్టి బయటికి తీశాడు. దాని చుట్టూ పసుపు గట్టిపడి వడ్లగింజ పొట్టులా అంటుకుని ఉంది. నాయిన దాన్ని చూశాడు. పక్కనే నిలబడిన నన్ను చూశాడు. భుజం మీది తువ్వాలతో పిస్టను శుభ్రంగా తుడిచాడు. సిలిండరు లోపల వేలు పెట్టి తిప్పి తుడిచాడు. తువ్వాల మడిచి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ఆయన చెయ్యి ఆ క్షణాన వణకలేదు.

ఎందుకు తుడిచాడో నాకు అర్థం కాలేదని చెప్పను. పసుపు మాట ఎత్తితే అది సవారమ్మ మీదికి, అమ్మవారి మీదికి పోతుంది. ఎవరి మీదికీ పోకుండా, పని చెడలేదని, బండి పాతదని ఏదో చెప్పి బయటపడతాడనుకున్నాను.

జనం వచ్చారు. దెబ్బలు తగిలిన ఆడవాళ్ళు అరుగు కింద కూర్చున్నారు. బాలన్న తన తప్పేమీ లేదని, తొక్కగలిగినంతా తొక్కానని చెప్పుకున్నాడు. రాఘవేందర్ పిస్టనును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత మంచి పనివాడివి, ఎట్లా జరిగిందని నాయినను అడిగాడు. కోపంగా కూడా అడగలేదు.

నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇవి నేను చెయ్యలే పటేలా. నా చెయ్యి పోయి చాన్నాళ్ళాయె. మా వసంత చేసింది."

నా పేరు నలుగురిలో ఆయన నోట రావాలని ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ మాట వినగానే మొదట నా ఒళ్ళు ఝల్లుమంది సంతోషంతోనే. తర్వాత అందరి తలలూ నా వైపు తిరగడం చూశాను.

 సవారమ్మ అరుగు మీద ముందుకు జరిగి కూర్చుంది.

"ఆడపిల్లతోని చేపిస్తివా? చేసిననాడు దూరమున్నదా ఏంది?"

ఆ రెండో మాట ఆమె అడిగింది మా అమ్మను. అమ్మ చెంప మీద పసరు పూసిన గుడ్డ కట్టి ఉంది. ఆమె నాయిన వైపు చూసింది. నేనూ చూశాను. మేకల కొట్టం దగ్గర తను అన్న మాట ఇప్పుడు అందరి ముందూ అంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"ఉండె అమ్మా," అన్నాడు నాయిన. "నేను వద్దంటనే ఉన్న. ఇనలే."

అమ్మ చెంగు తల మీదికి లాక్కుని చెంప కప్పుకుంది.  ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి. ఎవరో అయ్యో అన్నారు, ఎవరో ఇంకేం మిగిలిందన్నారు. ఇంతసేపూ పరేషాన్‌గా ఉన్న రాఘవేందర్ ముఖం తేటపడింది. ఎందుకు జరిగిందో దొరికినట్టే ఉంది ఆయనకు. బాలన్న కూడా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వాకిట్లో అందరికీ నిమ్మళమైంది.

బండిని పసుపు నీళ్ళతో కడిగి, జములమ్మకు మేకను ఇచ్చుకోవాలన్నారు. మేక మాదే. ఇకమీదట ఆ పిల్ల మిషను గదిలో కాలు పెట్టకూడదని, చెయ్యి ఎట్లున్నా సరే ఈసారి కిష్టయ్య తన చేత్తోనే చేసి ఇవ్వాలని సవారమ్మ చెప్పింది. నాయిన వంగి దండం పెట్టాడు.  మాట్లాడితే నాయిన అబద్ధం చెప్పాడని అనాలి. ఆయన ముందు నిలబడి ఆ మాట అనడం నాకు అప్పటికి చేతకాలేదు.

దవాఖాన నుంచి తెచ్చాక ప్రేమలతను చూడటానికి వెళ్ళాను. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, దూరమున్న మాట వాళ్ళింట్లో పట్టించుకోరు. వాళ్ళ అమ్మ నాకు నీళ్ళిచ్చి బయటికి వెళ్ళింది. ప్రేమలత కట్టు మీద దుప్పటి సర్దుకుంటూ అంది. 

"ఇన్నేళ్ళు మిషను నువ్వే నడిపిస్తున్నవు గద. నాకన్న చెప్పకపోతివి."

 నాయిన వద్దన్నాడని చెప్పాలంటే ఆయన పేరు ఎత్తాలి. కాసేపు కూర్చుని వచ్చేశాను. గడప దాటాక ఆమె మళ్ళీ రమ్మని పిలవలేదు.

మేక పోయిన మర్నాడు, అమ్మ పనికి వెళ్ళేదాకా ఆగి, నాయిన లోపలి గదిలోకి వచ్చాడు. ఇత్తడి కడ్డీ చేతిలో ఉంది. నేను జొన్నలు చెరుగుతున్నాను.

తలుపు వేస్తానని, ఒక్కసారి చేసి పెట్టమని అడిగాడు. ఎప్పటిలా మామూలు గొంతుతోనే అడిగాడు. చేట కింద పెట్టి, ఇది ఎవరు చేశారని చెప్తావని అడిగాను. ఆయన కడ్డీని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"పోయి పటేలుకు పసుపు సంగతి చెప్పు నాయినా. చేసిస్త."

"పసుపు మాటంటే ఊర్ల మనిల్లు ఉంటదా? నీకేమైంది. ఆడపిల్లవు, రేపు ఇంకో ఊరికి పోతవు. మర్శిపోతరు. నేను ఈడనే బత్కాలె."

ఆయన ఆ మాట న్యాయంగానే అన్నాననుకున్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తప్పు చేసిన ముఖం కాదది. బరువు మోయడానికి ఇంట్లో ఉన్నవాళ్ళలో ఎవరి భుజం అనువుగా ఉందో చూసుకుని పెట్టిన మనిషి ముఖం. మిషను దగ్గరికి పిలిచినప్పుడూ నన్ను అట్లాగే చూసి ఉంటాడనిపించింది. చెయ్యి కావలసి వచ్చినప్పుడు చెయ్యి, భుజం కావలసి వచ్చినప్పుడు భుజం. చేట మళ్ళీ అందుకున్నాను. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

తర్వాత ముందరి గదిలో మిషను మొదలైంది. టూలు ఇత్తడికి తగలగానే కిర్రుమని కోసుకుపోయిన చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ అదే చప్పుడు. ఎడమ చేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని ప్రయత్నిస్తున్నాడని నాకు చూడకుండానే తెలిసింది. లేచి వెళ్ళాలని కాళ్ళకు అనిపించింది. వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా రోజూ కరెంటు వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు వినబడేది. నాయిన పెరట్లో పారబోసిన ఇనుప పొట్టు కింద పాడైన ముక్కలు దాచి ఉండేవి.

ఒకరోజు మధ్యాహ్నం రాఘవేందర్, బాలన్నను వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. చేలలో పువ్వు ఎండిపోతోందని, నడిచి వచ్చే కూలీలు పొద్దెక్కాక గానీ చేరడం లేదని, పిస్టన్లు ఏమయ్యాయని అడిగాడు. నేను లోపల ఉన్నాను. వీధి గడప దగ్గర నాయిన గొంతు వినబడింది.

"మోటరు కాలిపాయె పటేలా. మిషను నడుస్త లేదు. ఏం జెయ్యాలె."

ఎంతో బాధగా చెప్పాడు. అదృష్టం బాగోలేదన్నట్టు. నేరం నా మీద తోయడానికి చెయ్యి పోయిందని ఆ రోజు వాకిట్లో ఒప్పుకున్న మనిషి, ఇప్పుడు ఆ మాట కూడా మళ్ళీ అనలేక మిషనును చంపేస్తున్నాడు. రాఘవేందర్ అయ్యో అంటున్నాడు. రేపు ఆ మిషనును తుక్కుకు అమ్మినా ఎవరూ ఆశ్చర్యపోరు. అది పోతే, ఆ గదిలో నేను చేసినదంతా ఆ వాకిట్లో చెప్పుకున్న కథే అయి మిగులుతుంది.

నేను ముందరి గదిలోకి నడిచాను. కాలు పెట్టకూడదన్న గది, ఇన్నాళ్ళూ నేను పెరటి దారినే తిరిగాను. కరెంటు ఉంది. బెల్టు ఎక్కించే ఉంది. స్విచ్చి వేశాను.

మిషను తిరగడం మొదలుపెట్టింది. బయట మాటలు ఆగిపోయాయి. వాళ్ళు గడప దాకా వచ్చి లోపలికి చూశారు. నాయిన వాళ్ళ వెనక నిలబడ్డాడు. కాసేపు తిరగనిచ్చి ఆపాను. శబ్దం పూర్తిగా తగ్గాక చెప్పాను.

"మోటరు మంచిగనే ఉన్నది. నాయినకు చేతనైత లేదు. నాకు చేతనైతది. కని నేను చెయ్య."

ఎందుకని రాఘవేందర్ అడిగాడు. ఆయన గొంతులో దబాయింపు లేదు, నిజంగానే తెలియక అడిగాడు. నేను నాయిన వైపు చూశాను. ఆయన చెప్పాలి. చెప్పడానికి మళ్ళీ ఒక అవకాశం ఉంది, వాకిట్లో ఉన్నంత మంది కూడా ఇప్పుడు లేరు. నాయిన నేల చూస్తున్నాడు. బాలన్న ఒకసారి నన్ను, ఒకసారి నాయినను చూసి, పిల్లను దూరమున్ననాడు పిలిచింది ఎవరని మెల్లగా అడిగాడు. నాయిన గడప వదిలి పక్కకు జరిగాడు. రాఘవేందర్ చెప్పులు వేసుకున్నాడు. బండిని రాయచూరుకో ఇంకెక్కడికో లాగించుకుపోతామని బాలన్నతో అంటూ వెళ్ళిపోయాడు. పసుపు మాట ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు.

సాయంత్రం అమ్మ వచ్చేసరికి ఆమెకు దారిలోనే ఎవరో చెప్పారు. కాళ్ళు కడుక్కుని పొయ్యి ముట్టించింది. నాయిన గోడకు ఆనుకుని, నేను వినాలనే, ఆమెతో అన్నాడు.

"సొంత బిడ్డ నల్గుర్ల నన్ను గిట్ల నిలబెడ్తదని ఎన్నడనుకోలే."

ఆయన కళ్ళలో నిజంగా నీళ్ళున్నాయి. అమ్మ పొయ్యిలోకి పుల్ల తోసింది. మంట సరిచేసి, నా వైపు తిరిగి, రేపు తనతో చేనుకు వస్తావా అని అడిగింది. వస్తానన్నాను.

తెల్లవారి ఆడవాళ్ళతో కలిసి వాగు దాటి నడిచాను. కొందరు నాతో మాట్లాడారు, కొందరు నాకు కొంచెం దూరంగా నడిచారు. చేలో అమ్మ నన్ను తన సాలులోనే నిలబెట్టుకుని పని చూపించింది. మొగ్గ రేకులు ఒలిచి, లోపలి పుప్పొడిని గోటితో గీకి తీసేయాలి. నడిమి కాడ విరగకూడదు. ఇత్తడి మీద అంత సన్నం చూసిన నా వేళ్ళకు ఆ మెత్తదనం అలవాటు లేదు. ఎంత మెల్లగా పట్టుకున్నా మొదటి రోజు మొగ్గలు చాలా నలిగిపోయాయి. మేస్త్రీ చూడకుండా అమ్మ వాటిని ఒక్కొక్కటే నా చేతిలోంచి తీసుకుని తన ఒడిలో వేసుకుంది.